కార్న్‌ఫ్లోర్ గూపా, సగ్గుబియ్యమా, పిండిముద్దా: పిల్లల చేతికి ఏది ఇవ్వాలి?

పిల్లలు చేత్తో పిసికి, గుచ్చి, సాగదీసి ఆడుకునే ఆటను ప్లేస్కూళ్లలో సెన్సరీ ప్లే అంటారు. ఇంట్లోనే చేసిద్దామని వీడియోలు వెతికితే పాతిక రకాలు కనిపిస్తాయి. ఏది ఏ వయసుకు సరిపోతుంది, ఏది సింకు పైపును పూడ్చేస్తుంది, ఏది అసలు ఇంట్లోకే రాకూడదు అన్న సంగతి మాత్రం చాలావాటిలో ఉండదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. మూడేళ్లు నిండి, చేతికి దొరికినదల్లా నోట్లో పెట్టుకునే అలవాటు పోయిన పిల్లలకు మొదట చేసివ్వాల్సింది కార్న్‌ఫ్లోర్ గూప్, అంటే కార్న్‌ఫ్లోర్‌లో నీళ్లు కలిపిన చిక్కటి ముద్ద. ఇంకా నోట్లో పెట్టుకునే వయసైతే ఉడికించిన సగ్గుబియ్యం. రోజూ తీసి ఆడుకుని మళ్లీ డబ్బాలో పెట్టుకోవాలంటే పొయ్యి మీద ఉడికించిన పిండిముద్ద. బోరాక్స్ స్లైమ్ (జిగురుతో చేసే సాగే ముద్ద), నీళ్లలో ఉబ్బే రంగు పూసలు మాత్రం ఏ వయసుకూ వద్దు.

గూప్‌కే మొదటి ఓటు ఎందుకంటే

మిగతావన్నీ చేతికి ఒకే రకంగా తగులుతాయి, మెత్తగానో జిగురుగానో గరుగ్గానో. గూప్ మాత్రం పిల్లలు ఎలా ముట్టుకుంటే అలా మారుతుంది. పిడికిలితో గుద్దితే గట్టిగా తగులుతుంది, చుక్క కూడా చిందదు. అదే పిడికిలిని దానిమీద ఉంచి ఊరుకుంటే వేళ్లు మెల్లగా లోపలికి దిగిపోతాయి. కంగారుపడి లాగితే గట్టిగా పట్టేసుకుంటుంది, ఒక్కోసారి గిన్నె కూడా చేతితోపాటు లేస్తుంది. నిదానంగా తీస్తే వదిలేస్తుంది. గుప్పెడు తీసుకుని రెండు చేతుల మధ్య ఉండ చుడుతున్నంతసేపూ ఉండగానే ఉంటుంది. చుట్టడం ఆపారా, వేళ్ల సందుల్లోంచి ధారగా కారిపోతుంది. నాలుగేళ్ల పిల్ల ఆ ధారను రెప్ప వేయకుండా చూస్తుంది. మళ్లీ గబగబా ఉండ చుట్టి ఈసారి మీ అరచేతిలో పెట్టి, అది కరిగిపోతుంటే మీ ముఖం చూస్తుంది. తన చెయ్యి చేసిన పనికి వస్తువు ఎలా బదులిస్తోందో ఇంత సూటిగా చూపించే ఆట ఇంకొకటి నాకు తెలియదు.

ఇందులో మాయ ఏమీ లేదు. కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న గింజలోంచి పిండిపదార్థాన్ని మాత్రమే వేరుచేసి ఆరబెట్టిన పొడి. దాని రేణువులు చాలావరకు 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉంటాయి (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్). చన్నీళ్లలో అవి కరగవు, ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి. మెల్లగా కదిలిస్తే మధ్యలో పల్చటి నీటిపొర ఉంటుంది కాబట్టి పక్కకు జారి దారి ఇస్తాయి. ఒక్కసారిగా గుద్దితే ఆ నీటిపొర తప్పుకుని, రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని బిగుసుకుపోతాయి. కిక్కిరిసిన బస్సులోంచి ఒక్కొక్కరే దిగితే ఇబ్బంది ఉండదు, అందరూ ఒక్కసారి తోసుకుంటే తలుపు దగ్గర ఇరుక్కుపోతారు కదా, అలాగన్నమాట. ఐదారేళ్ల పిల్లలకు ఈ మాట చెబితే ఇట్టే పట్టుకుంటారు.

కొలత దగ్గరే చాలామందికి తేడా వస్తుంది. కప్పులతో కొలిస్తే రెండు కప్పుల పొడికి ఒక కప్పు నీళ్లు అంటారు గానీ, పొడిని నొక్కి నింపారా, వదులుగా పోశారా అన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. తూకం నయం. 250 గ్రాముల కార్న్‌ఫ్లోర్ వెడల్పాటి పళ్లెంలో పోసి ముందు 180 మిల్లీలీటర్ల నీళ్లు కలపండి. గరిటెతో జోరుగా తిప్పాలని చూస్తే గరిటె కదలదు, అందుకని చేత్తోనే, అడుగునుంచి పైకి ఎత్తుతున్నట్టుగా నిదానంగా కలపాలి. పొడి పొడిగా ఉండి పగుళ్లు కనబడుతుంటే చెంచాడు చెంచాడు నీళ్లు చేర్చండి. మొత్తం 200 మిల్లీలీటర్లు దాటకముందే సరిగ్గా కుదురుతుంది. కుదిరిందో లేదో చూడాలంటే వేలితో టక్కున కొట్టండి. పైభాగం గట్టిగా, తడి లేనట్టుగా కనిపించి, రెండు క్షణాల్లో మళ్లీ మెరుస్తూ సర్దుకుంటే సరిపోయినట్టే. నీళ్లు ఎక్కువై పాలలా అయిపోతే పారబోయకండి. పావుగంట కదపకుండా ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది, పైన తేరిన నీళ్లు వంపేస్తే చాలు.

పొడి ఎంపిక

మన కిరాణా షాపుల్లో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి, మెత్తటి పొడే కావాలి. వేళ్ల మధ్య నలిపితే కిరకిరమని చిన్న శబ్దం వస్తుంది. రొట్టెలు చేసుకునే పసుపుపచ్చ మొక్కజొన్న పిండి ఇందుకు పనికిరాదు, ఎన్ని నీళ్లు పోసినా అది జావే అవుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లు కార్న్‌స్టార్చ్ అని రాసిన డబ్బా తీసుకోవాలి, అక్కడ కార్న్ ఫ్లోర్ అంటే ఈ పసుపుపచ్చ పిండే ఇస్తారు. బ్రిటన్‌లో మన పేరే చెల్లుతుంది. ఆస్ట్రేలియాలో గోధుమ నుంచి తీసిన కార్న్‌ఫ్లోర్ కూడా అమ్ముతారు. గోధుమ పడని పిల్లలుంటే డబ్బా వెనక చదివి కొనండి.

బియ్యప్పిండి, మైదా, శనగపిండి వేస్తే గూప్ రాదు. వాటిలో పిండిపదార్థంతోపాటు మాంసకృత్తులూ మిగతావీ కలిసి ఉంటాయి, కాబట్టి అట్లపిండిలాగో జిగురు ముద్దలాగో తయారవుతాయి. పాలగుండ పిండి, బంగాళాదుంప స్టార్చ్, కర్రపెండలం స్టార్చ్‌తో దాదాపు ఇలాంటి గుణమే వస్తుంది గానీ మంచి పాలగుండ ఖరీదెక్కువ, ఆటకు వాడటం దండగ. ఇంట్లో పడి ఉన్న కస్టర్డ్ పౌడర్ పనికొస్తుంది, అందులో ఉండేది ముఖ్యంగా కార్న్‌ఫ్లోరే. కాకపోతే వెనిలా వాసనకు పిల్లలు నాకాలని చూస్తారు. దుకాణంలో దొరికే చిన్న డబ్బాల కన్నా అరకిలో, కిలో ప్యాకెట్ తీసుకుంటే బాగా చవక పడుతుంది.

రంగు కావాలంటే ముందే నీళ్లలో కలిపి ఆ నీళ్లనే పొడిలో పోయాలి, తర్వాత వేస్తే చారలు చారలుగా ఉండిపోతుంది. బీట్‌రూట్ నీళ్లు బాగుంటాయి. శంఖుపూలు వేడినీళ్లలో నానబెట్టి చల్లార్చితే మంచి నీలం వస్తుంది, ఆ నీలం గూప్‌లో నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే అక్కడ వంగపండు రంగుకు తిరుగుతుంది. పసుపు కలిపిన గూప్‌లో చిటికెడు వంటసోడా నీళ్లు వేస్తే ఎర్రబడుతుంది. హారతి పళ్లెంలో పసుపు, సున్నం కలిసి ఎర్రనీళ్లు అయ్యేది ఇలాగే. పిల్లల ఆటలో మాత్రం సున్నం జోలికి వెళ్లకండి, చర్మం, కళ్లు దెబ్బతింటాయి. పసుపు మరక బట్టకు పడితే అంత సులువుగా పోదు కాబట్టి పాత బనీను వేయండి. హోలీ రంగులు, రంగోలీ పొడులు వాడొద్దు.

రెండేళ్లలోపు వాళ్లకు సగ్గుబియ్యం

కార్న్‌ఫ్లోర్ విషం కాదు, రోజూ సూపుల్లో తింటున్నదే. కానీ గూప్‌లో ఉన్నది పచ్చి పొడి. గుప్పెళ్లు గుప్పెళ్లు నోట్లో కుక్కుకుంటే గొంతుకు అడ్డం పడుతుంది, కడుపు కూడా పాడవుతుంది. అందుకే ప్రతిదీ రుచి చూసే వయసులో ఉడికినదే ఇవ్వాలి.

మన దగ్గర దొరికే సగ్గుబియ్యం కర్రపెండలం దుంప పిండితో చేస్తారు. తమిళనాడులోని సేలం దానికి పెద్ద కేంద్రం. ఆటకు సన్న రకం ఎంచుకోండి. అరగంట నానబెట్టి, ఎక్కువ నీళ్లలో లోపలి తెల్లచుక్క పోయేదాకా ఉడికించి, జల్లెట్లో వంచి చన్నీళ్లు పోస్తే గింజ గింజగా, గాజుపూసల్లా మెరుస్తూ విడిపోతాయి. రెండు వేళ్ల మధ్య నొక్కితే పూర్తిగా నలిగిపోవాలి, నలగకపోతే ఇంకా ఉడకాలి. పళ్లెంలో పోసి కాస్త నీళ్లు చల్లి ముందు పెడితే ఏడాదిన్నర పిల్లలు కూడా చాలాసేపు ఆడతారు. ఉప్పూ చక్కెరా ఏమీ వేయొద్దు. నాలుగు గింజలు మింగినా పాయసంలో తినేవే కాబట్టి టెన్షన్ ఉండదు. అలాగని పక్కనుంచి లేవకూడదు. ఉడకని సగ్గుబియ్యం మాత్రం ఈ వయసుకు ఇవ్వనే ఇవ్వకండి, ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు.

నానిన సబ్జా గింజలు కూడా ఇలాంటివే. పావుగంటలో చుట్టూ జిగురు పొర కట్టి జారుతూ ఉంటాయి, పొయ్యితో పనిలేదు. పూర్తిగా ఉబ్బాకే ఇవ్వాలి, పొడి గింజలు మింగితే గొంతులో ఉబ్బుతాయి.

సగ్గుబియ్యంలో లోటు ఏమిటంటే, గూప్‌లాంటి ఆశ్చర్యం అందులో లేదు. మూడేళ్ల పిల్లలకు రెండోసారికే విసుగొస్తుంది. ఎండాకాలంలో రెండు మూడు గంటలకే వాసన మొదలవుతుంది కూడా.

రోజువారీ ఆటకు పిండిముద్ద

చపాతీలు చేస్తుంటే పిల్లలు వచ్చి పిండి అడగని ఇల్లు ఉండదు. ఓ చిన్న ముద్ద ఇచ్చి కూర్చోబెడతాం. దీని గురించి ఒక హెచ్చరిక ఉంది. గోధుమపిండి, మైదా చూడటానికి శుభ్రంగా ఉన్నా అవి ఉడికించిన పదార్థాలు కావు. 2016లో అమెరికాలో పచ్చి పిండి వల్ల ఈ.కోలై అనే బ్యాక్టీరియా సోకి చాలామంది జబ్బుపడ్డారు. ఆ ఏడాదే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పచ్చి పిండిముద్దను పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దని చెప్పింది. మీ కళ్ల ముందే ఆడి, నోట్లో పెట్టుకోకుండా, వెంటనే సబ్బుతో చేతులు కడుక్కునే పెద్ద పిల్లలైతే ఆ చపాతీ ముద్దతో ఇబ్బంది లేదని నా అభిప్రాయం. మిగతావాళ్లకు ఉడికించి ఇవ్వడమే సరైన పని.

ఒక కప్పు మైదా, అర కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్లు, ఒక పెద్ద చెంచా నూనె, రెండు చెంచాల నిమ్మరసం. అన్నీ ఉండలు లేకుండా కలిపి మందపాటి మూకుడులో సన్నసెగ మీద తిప్పుతూ ఉండాలి. రెండు మూడు నిమిషాల్లో అడుగున గట్టిపడటం మొదలై, చివరికి మొత్తం ఒకే ముద్దగా గరిటెకు చుట్టుకుని మూకుడును వదిలేస్తుంది. దించి, చెయ్యి పట్టేంత చల్లారాక నున్నగా మర్దించాలి. విదేశీ పద్ధతుల్లో క్రీమ్ ఆఫ్ టార్టార్ అడుగుతారు, దాని పులుపు పనిని ఇక్కడ నిమ్మరసం చేస్తుంది. మూత బిగువుగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు వారాలు మెత్తగా ఉంటుంది.

పిండిముద్ద బలం ఏమిటంటే దానితో ఏదైనా తయారుచేయొచ్చు. పాము, గారె, గవ్వ, ఏనుగు తొండం, ఏదైనా చేసి పక్కన పెడితే అలాగే నిలబడుతుంది. గూప్‌లో ఏదీ నిలవదు. వేళ్లకు పట్టు రావాలి, పెన్సిల్ పట్టుకోవడానికి చెయ్యి తయారవ్వాలి అనుకుంటే ఇదే మేలు. ఇందులో ఉప్పు ఎక్కువ కాబట్టి రుచి చూసి ఉమ్మేస్తారు. అది మంచిదే, కానీ ఉప్పగా ఉన్నా తినేసే పిల్లలకు, ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. గోధుమ పడనివాళ్లకు ఎలాగూ పనికిరాదు.

బంకమట్టి దొరికేవాళ్లు దాన్ని మరిచిపోవద్దు. వినాయక చవితికి తెచ్చిన మట్టి మిగిలితే తడిబట్ట చుట్టి కవర్లో దాచండి, నెలల తరబడి పనికొస్తుంది. మట్టి చల్లదనం, బరువు వేరే దేనికీ రాదు. కుక్కలు, పిల్లులు తిరిగే చోటి మట్టి మాత్రం తేకూడదు, ఆడాక గోళ్ల సందులు కూడా శుభ్రం చేయాలి. తుడిచే ఓపికే లేని రోజులకు షాపులో దొరికే కైనెటిక్ శాండ్ ఉంది. సన్న ఇసుకకు కాస్త సిలికాన్ నూనె పట్టించినది, నేలకు అంటుకోదు. ధర మాత్రం ఎక్కువ.

ఇంట్లోకి రానివ్వకూడనివి

స్లైమ్ చేయాలంటే జిగురులో బోరాక్స్ కలపమంటారు. కంసాలులు వాడే వెలిగారమే బోరాక్స్. కొందరు దాని బదులు క్యారమ్ బోర్డుకు చల్లే బోరిక్ పౌడర్ వాడమంటారు. రెండూ బోరాన్ సమ్మేళనాలే, పిల్లలు గంటల తరబడి పిసకడానికి తగినవి కావు. చర్మం మండుతుంది, కడుపులోకి వెళితే హాని చేస్తుంది. కెనడా ఆరోగ్య శాఖ 2016లోనే ఇంట్లో స్లైమ్ లాంటివి చేయడానికి బోరిక్ యాసిడ్ వాడొద్దని ప్రజలకు చెప్పింది. గూప్‌లో కొంచెం సాగే గుణం ఉంటే చాలని సర్దుకోండి, అందుకోసం ఈ తంటా అక్కర్లేదు.

రంగు పూసలు, అంటే నీళ్లలో వేస్తే గోలీల్లా ఉబ్బే జెల్ బాల్స్, ఇంకా ప్రమాదం. పొడిగా ఉన్నప్పుడు ఆవగింజంత ఉంటాయి, ఎప్పుడు మింగారో కూడా తెలియదు. పేగుల్లోకి వెళ్లాక ఉబ్బి అడ్డం పడతాయి, మామూలు ఎక్స్‌రేలో కనబడటమూ కష్టమే. 2023 డిసెంబరులో అమెరికాలో అమెజాన్, వాల్‌మార్ట్, టార్గెట్ వీటిని పిల్లల ఆటవస్తువులుగా అమ్మడం ఆపేస్తామని ప్రకటించాయి. ఇక్కడ అక్వేరియం షాపుల్లో, జాతర్లలో ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. అక్క కోసమో అన్న కోసమో తెచ్చినా పాకే తమ్ముడో చెల్లో ఉన్న ఇంట్లో ఒక్క పూస కింద పడితే చాలు.

ముగ్గుపిండి రాతిపొడి కాబట్టి అది కూడా పిసికే ఆటకు వద్దు. బట్టలకు పెట్టే గంజి పౌడర్ కూడా అంతే, అది తినే పదార్థంగా తయారుచేసింది కాదు.

పిల్లల తీరును బట్టి

వయసు కన్నా కొన్నిసార్లు స్వభావమే ముఖ్యం. చేతికి తడి తగిలితేనే ఏడ్చే పిల్లలుంటారు. మా చెల్లెలి కూతురు అలాంటిదే, పెరుగన్నం వేలికి అంటినా చెయ్యి చాచి నిలబడిపోయేది. అలాంటివాళ్లకు గూప్ పళ్లెం ముందు పెట్టి చెయ్యి పట్టుకుని ముంచకూడదు. మొదట పొడి కార్న్‌ఫ్లోర్ మీద వేలితో గీతలు గీయనివ్వండి. తర్వాత ఒక చెంచా ఇచ్చి, నీళ్లు వాళ్లనే పోయమనండి. ఇంకా ఇష్టపడకపోతే గూప్‌ను జిప్ కవర్లో పోసి, మూతి టేపుతో అంటించి పైనుంచి నొక్కనివ్వండి, చేతికి ఏమీ అంటదు. మా చెల్లెలి కూతురు చెంచాతో మొదలుపెట్టింది. గట్టిగా కొడితే చెయ్యి పొడిగానే ఉంటుందని కనిపెట్టాక ఒక వేలు, తర్వాత అరచెయ్యి తనంతట తానే పెట్టింది. తడిగా ఉండీ అంటుకోని ఈ గుణం వల్లే ఇలాంటి పిల్లలకు స్లైమ్ కన్నా, పిండిముద్ద కన్నా గూప్ నచ్చే అవకాశం ఉంది. ముట్టుకోవడం, తినడం, బట్టలు వేసుకోవడం అన్నింట్లోనూ ఇదే ఇబ్బంది ఉంటే ఆక్యుపేషనల్ థెరపిస్టును కలవడం మంచిది, వాళ్లు వరస ప్రకారం ఎలా అలవాటు చేయాలో చెబుతారు.

కార్న్‌ఫ్లోర్ చర్మంలోని తేమను లాగేస్తుంది. చర్మం పొడిబారే పిల్లలకు ఆటకు ముందు చేతులకు కొబ్బరినూనె రాయండి. దద్దుర్లు, పగుళ్లు ఉన్న రోజుల్లో వద్దు.

ఎక్కడ ఆడించాలన్నది కూడా చూసుకోవాలి. బాల్కనీ, డాబా ఉంటే గూప్‌కు అదే చోటు. టైల్స్ మీద పడితే విపరీతంగా జారుతుంది, కింద పాత దుప్పటి పరవండి. పొడిని వెలుగుతున్న పొయ్యి దగ్గర గుమ్మరించకండి, గాల్లోకి లేచిన సన్నటి పిండి మంట అంటుకోగలదు. కింది అంతస్తు వాళ్లతో పైపుల గొడవలున్న అపార్ట్‌మెంట్లో, శుభ్రం చేసేది మీరొక్కరే అయిన రోజున పిండిముద్దతో సరిపెట్టుకోవడమే తెలివైన పని.

ఆట అయ్యాక

గూప్‌ను సింకులో, బాత్రూమ్ జాలీలో పోయకూడదు. పొడి పైపు వంపులో దిగి రాయిలా బిగుస్తుంది. వదిలించాలని మరిగే నీళ్లు పోస్తే అది ఉడికి గంజిలా చిక్కబడి పని ఇంకా చెడుతుంది. పళ్లెంలోనే ఎండనివ్వండి, అట్టలు కట్టాక గీకి చెత్తబుట్టలో వేయండి. చేతులు, పళ్లెం బకెట్లో చన్నీళ్లతో కడిగి ఆ నీళ్లు మొక్కల పక్కన పోసేయొచ్చు. నేల మీద, బట్టల మీద పడింది ఎండితే తెల్లపొడిగా రాలిపోతుంది, తడిగా ఉండగా రుద్దకండి. మన వేసవిలో సాయంత్రానికే పులుస్తుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే.

పెద్దవాళ్లున్న ఇంట్లో తినే వస్తువుతో ఆటలేమిటని అమ్మమ్మో నానమ్మో అడుగుతారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను, అన్నం విలువ తెలిసినవాళ్లు అడిగే మాట అది. అందుకే తక్కువ పొడితో చేయమంటాను. ఒక పిల్లకో పిల్లాడికో 100 గ్రాములు, 75 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. రంగు కలపని గూప్ అయితే పారేయాల్సిన పనే లేదు. మూడు చెంచాలు గ్లాసుడు చన్నీళ్లలో పల్చగా కలిపి, మరుగుతున్న లీటరు నీళ్లలో పోస్తూ తిప్పి, చల్లారాక వడకట్టండి. నూలు చీరలకు, లాల్చీలకు మంచి గంజి అవుతుంది.